నిల్వ ఉన్న బయోడీజిల్ పోస్తే పొగ పెరుగుతుందా?

లారీ బాబ్జీ:
మావి బీఎస్-4 టిప్పర్లు. డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలిపి తోలుతున్నాం. వానలకి పని ఆగిపోయి కొన్ని డ్రమ్ములు నెలల తరబడి షెడ్డులోనే ఉండిపోయాయి. ఇప్పుడు మూత తీస్తే ముక్కిన నూనె వాసన. పోస్తే పొగ పెరుగుతుందని మేస్త్రీ అంటున్నాడు. మా బావమరిది కొంచెం పోసి పొల్యూషన్ టెస్ట్ చేయిస్తే పొగ ఏమీ పెరగలేదు. ఎవరి మాట వినాలి?

ల్యాబ్ కోటు:
మేస్త్రీ మాటే. నూనెని మిథనాల్‌తో చర్య జరిపించి గ్లిజరిన్ తీసేస్తే వచ్చేది బయోడీజిల్. గాలి తగిలితే అందులో ముందు పెరాక్సైడ్లు పుడతాయి, తర్వాత ఆల్డిహైడ్లు, ఆమ్లాలు, చివరికి జిగురు. ఎంతకాలం తట్టుకుంటుందో తెలియడానికే రాన్సిమాట్ పరీక్ష. 110 డిగ్రీల వేడిలో గాలి ఊదుతూ చూస్తారు. యూరప్ ప్రమాణం కనీసం 8 గంటలు అడుగుతుంది, అమెరికా 3 గంటలతో సరిపెట్టుకుంటుంది. జిగురు నాజిల్ దగ్గర పేరుకుంటే స్ప్రే చెడుతుంది. ఆయిల్ సరిగా మండదు, నల్లపొగ వస్తుంది.

నల్లపొగ నాని:
చదవడానికి బాగుంది సార్, కొలిస్తే వేరేలా వచ్చింది. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు సోయా బయోడీజిల్‌ని కావాలనే ఆక్సీకరణ చేసి జాన్ డీర్ ఇంజిన్‌లో మండించారు. 2001లో ఫలితాలు ప్రచురించారు. తాజా బయోడీజిల్‌తో పోలిస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు సుమారు 15 శాతం తగ్గాయి! పెరాక్సైడ్లు పెరిగితే సీటేన్ సంఖ్య పెరుగుతుంది, ఇంధనం త్వరగా అంటుకుంటుంది. బావమరిది చూసింది అబద్ధమేమీ కాదు.

ల్యాబ్ కోటు:
ఆ ప్రయోగం నాకూ తెలుసు. అది టెస్ట్ బెంచ్ మీద కొద్దిసేపటి లెక్క నానిగారూ. జిగురు పేరుకోవడానికి వేల కిలోమీటర్లు పడుతుంది. బాబ్జీగారి బండి తిరిగేది రోడ్డు మీద.

డీపీఎఫ్ బాధితుడు:
మీ ఇద్దరి గొడవా పాత బళ్లకే. నాది బీఎస్-6. చవగ్గా వస్తోందని ఒకచోట బయోడీజిల్ కొన్నాను (పేరెందుకులెండి), డీపీఎఫ్ (సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్) ల్యాంప్ వెలిగింది. సరిగా కడగని సరుకులో సోడియం, పొటాషియం మిగిలిపోతాయట. ప్రమాణం ప్రకారం రెండూ కలిపి కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మసి అయితే రీజనరేషన్‌లో (ఫిల్టర్‌ని వేడెక్కించి శుభ్రం చేసుకునేటప్పుడు) కాలిపోతుంది, ఈ లోహాల బూడిద కాలదు. నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించే ఎస్‌సీఆర్ క్యాటలిస్ట్ కూడా వీటివల్ల దెబ్బతింటే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. సైలెన్సర్ వైపు చూస్తే మాత్రం పొగ కనపడదు.

నల్లపొగ నాని:
ఇది ఒప్పుకుంటాను. మన పొల్యూషన్ టెస్టులో డీజిల్ బండికి యాక్సిలరేటర్ నొక్కి పొగ చిక్కదనం చూస్తారు తప్ప నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2002 లెక్కలో సోయా బి-20కి (20 శాతం బయోడీజిల్ కలిపినది) మామూలు డీజిల్‌తో పోలిస్తే మసి కణాలు 10 శాతం, హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి, నైట్రోజన్ ఆక్సైడ్లు 2 శాతం పెరిగాయి. ఆ 2 శాతం మీదే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నాసిరకం సరుకు సంగతి అడిగినవాళ్లు తక్కువ.

మిన్నెసోటా మావయ్య:
ఇక్కడ అమెరికాలో, మా మిన్నెసోటా రాష్ట్రంలో 2005 సెప్టెంబరు చివర్లో డీజిల్‌లో 2 శాతం బయోడీజిల్ తప్పనిసరి చేశారు. డిసెంబరుకే తాత్కాలికంగా ఆపాల్సొచ్చింది, లారీల ఫిల్టర్లు మూసుకుపోయాయి. గ్లిజరిన్ ఎక్కువున్న సరుకు మార్కెట్లోకి వచ్చింది మరి. కలిపింది రెండే శాతం అయినా బళ్లు ఆగాయి. చలి వల్లేనని తోసిపుచ్చినవాళ్లూ ఉన్నారు, కానీ సరుకు బాగుపడ్డాక అదే చలిలో బళ్లు నడిచాయి.

లారీ బాబ్జీ:
బాబోయ్, టెన్షన్ పెట్టేశారు. ఏదైనా మందు కలిపితే బాగవుతుందా?

ల్యాబ్ కోటు:
కాదు. టీబీహెచ్‌క్యూ లాంటి ఆక్సీకరణని ఆపే మందులు తాజా సరుకులో కలపాలి, పాడైపోయినదాన్ని అవి వెనక్కి తేలేవు. ముందు ల్యాబ్‌లో యాసిడ్ విలువ (అందులో ఆమ్లం ఎంతుందో) చూపించండి. గ్రాముకి 0.5 మిల్లీగ్రాముల కేఓహెచ్ (ఆ ఆమ్లాన్ని విరిచే క్షారం, పొటాషియం హైడ్రాక్సైడ్) దాటితే టిప్పర్లో పోయకండి. శాంపిల్ డ్రమ్ము అడుగునుంచి కూడా తీయండి, నీళ్లూ జిగురూ అక్కడే చేరతాయి. డ్రమ్ముకి ఇత్తడి కుళాయి ఉంటే మార్చేయండి, రాగి తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది.

నల్లపొగ నాని:
0.5 లోపే వస్తే?

ల్యాబ్ కోటు:
అప్పుడు బావమరిదికి క్షమాపణ చెప్పి, ఆలస్యం చేయకుండా వాడేయమనండి.