రెండు నల్ల గినీ పిగ్స్‌కి ఎర్ర పిల్ల ఎలా పుట్టింది?

ప్రశ్న (విజయవాడ, పటమట)
నమస్కారం అండి. నా దగ్గర నల్ల గినీ పిగ్స్ జత ఉంది, రెండిటికీ ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు. ఆదివారం తెల్లవారుజామున ఆడది మూడు పిల్లల్ని ఈనింది. రెండు నల్లవి, మూడోది నిండు ఇటుక రంగు! కళ్లు తెరుచుకునే పుట్టాయి, ఎర్రది సాయంత్రానికల్లా తల్లి పక్కన కూర్చుని గరికపోచ కొరుకుతోంది. ఇంట్లో వేరే మగది లేదు, మరి ఈ రంగు ఎక్కడిది?
ఇంకో జత కూడా ఉంది. ఒంటి నలుపులో తెల్ల వెంట్రుకలు కలిసిపోయి బూడిద చల్లినట్టుంటాయి, తల, పాదాలు మాత్రం నిండు నలుపు. ఆడదానికి పది నెలలు, ఇంతవరకు ఈనలేదు. ఈ నెలలో కలుపుదామనుకుంటున్నా. ఏ రంగులొస్తాయి, తెల్ల మచ్చలు ఎక్కడ పడతాయో ముందే చెప్పొచ్చా?

జవాబు 1 (గుంటూరు, బ్రాడీపేట)
ఎర్ర పిల్ల తండ్రి మీ నల్లదే అన్నా, అనుమానం వద్దు. ఎరుపు అణగి ఉండే గుణం, నలుపు పైకి కనిపించేది. మీ రెండు నల్లవాటిలోనూ ఎరుపు చెరో పాలు దాగి ఉంది, ఆ రెండు పాళ్లూ ఒకే పిల్లకి చేరితేనే ఎర్రది పుడుతుంది, అంటే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు అవకాశం. నాలుగు పుడితే ఒకటి ఖాయంగా ఎర్రదని కాదు, వరసగా మూడు కూడా రావచ్చు. ఆ నల్ల పిల్లల్లో ఒక్కోదానికీ ఎరుపు దాచుకునే అవకాశం మూడింట రెండు వంతులు. తేల్చుకోవాలంటే ఎర్రదానితో జత కట్టించి చూడాలి, ఒక్క ఎర్ర పిల్ల పుట్టినా ఉన్నట్టే.
మచ్చల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేరు. తరతరాలుగా అన్నాచెల్లెళ్లనే కలుపుతూ పెంచిన గినీ పిగ్స్‌లో కూడా తెలుపు ఒక్కోదానికి ఒక్కోలా పడిందని అమెరికా జన్యు శాస్త్రవేత్త సీవాల్ రైట్ 1920లోనే చూపించాడు. పిల్ల కడుపులో ఎదిగేటప్పుడు జరిగేదానికి లెక్క లేదు.

జవాబు 2 (విజయవాడ, సత్యనారాయణపురం)
తమ్ముడూ, ఆ బూడిద జతని దయచేసి కలపొద్దు. అది రోన్, అంటే రంగులో తెల్ల వెంట్రుకలు కలిసిపోయిన రకం. రోన్‌ని రోన్‌తో కలిపితే ప్రతి పిల్లకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది: ఒళ్లంతా తెల్లగా, కళ్లు చిన్నవిగా లేదా అసలు లేకుండా, చెవుడుతో, పళ్లు వంకరగా పుడతాయి. తెలియక నేను ఒకసారి కలిపాను. అలాంటి పిల్ల ఒకటి పుట్టింది, సిరంజితో పాలు పట్టినా పదకొండో రోజు నా అరచేతిలోనే పోయింది. తెల్ల ఒంటి మీద చుక్కలుండే డాల్మేషియన్ రకం కూడా ఇదే కోవ, వాటితోనూ వద్దు.
ఆడదాని విషయంలో రంగు కంటే వయసు ముఖ్యం. మొదటి ఈత ఏడు నెలల లోపు కాకపోతే కటి ఎముకల అతుకు బిగిసిపోతుంది, కాన్పులో తల్లే పోవచ్చు. పది నెలలన్నావు కదా, ఇక దాన్ని ఏ మగదానితోనూ కలపకు.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్స్ అక్కా. చదవగానే వెళ్లి చూశా, రెండూ వేరే పెట్టెల్లోనే ఉన్నాయి, అప్పటిదాకా టెన్షనే. ఎర్రది ఆడపిల్ల. పెద్దయ్యాక రోన్ మగదాన్ని దానితో కలపొచ్చా?

జవాబు 2
కలపొచ్చు, అమ్మానాన్నలిద్దరికీ తెలుపు లేదన్నావు కాబట్టి. పిల్లల్లో సగటున సగం రోన్‌లు, సగం మామూలువి, ఆ తెల్ల పిల్లల భయం ఉండదు. నాలుగైదు నెలలు నిండనివ్వు, మొదటి ఈత మాత్రం ఏడు దాటనివ్వకు. నల్ల పిల్లల్లో మగది ఉంటే మూడు వారాలకే వేరు చెయ్యి, ఆలస్యమైతే తల్లినీ చెల్లినీ చూడి చేసేస్తుంది. ఈ ఎండల్లో పెట్టెలో నాపరాయి ముక్క తడిపి పెట్టు, రోజూ క్యాప్సికం ముక్క వెయ్యి, బాలింతకి విటమిన్ సి ఇంకా ఎక్కువ కావాలి.