మాల్దీవుల్లో ఆల్-ఇన్‌క్లూజివ్ ప్యాకేజీ, 5 రాత్రులు: ఓపెన్ వాటర్ కోర్సు కుదురుతుందా?

కొల్లేటి_కొంగ

నమస్తే అండీ. డిసెంబర్ చివర్లో మాల్దీవులకు వెళ్దామనుకుంటున్నాం, 5 రాత్రులు. నేను, మా ఆవిడ, 11 ఏళ్ల అబ్బాయి. చూసిన రిసార్టు బా అటోల్‌లో (అటోల్ అంటే ఉంగరంలా ఉండే పగడపు దీవుల గుంపు) ఉంది, సీప్లేన్‌లో వెళ్లాలి. ఫ్లైటు మాలేలో సాయంత్రం 4.10కి దిగుతుంది, తిరుగు ఫ్లైటు ఆరో రోజు మధ్యాహ్నం 1 గంటకు. టికెట్లు ఇంకా కొనలేదు, పట్టి ఉంచానంతే.

నాకు ఈత వచ్చు, ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (స్కూబా డైవింగ్‌లో కొత్తవాళ్లు తెచ్చుకునే మొదటిది) తెచ్చుకోవాలని ఉంది. మా ఆవిడకి ఈత రాదు గానీ ఒక్కసారైనా పగడాలు దగ్గర్నుంచి చూడాలంటోంది. ప్యాకేజీ ఆల్-ఇన్‌క్లూజివ్ అన్నారు, మరి డైవింగ్ కూడా అందులో ఉన్నట్టేనా? ఈ రోజుల్లో కోర్సు అయిపోతుందా? ఈత రానివాళ్లను, పిల్లల్ని నీళ్లలోకి దింపుతారా? మాస్కు ఇక్కడే కొనాలా? నాకు కళ్లద్దాలున్నాయి, మీసమూ ఉంది. మీసం మాత్రం తీసేది లేదు.

లోతుమీటరు

డైవింగ్ సంగతి తర్వాత. ముందు ఆ టికెట్లు వదిలేయండి.

సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. మామూలుగా మధ్యాహ్నం మూడున్నర లోపు మాలేలో దిగినవాళ్లకే అదే రోజు సీటు ఖాయమవుతుంది. 4.10కి దిగి ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి ఐదు దాటుతుంది. ఇక ఆ రాత్రి మాలేలోనో హుళుమాలేలోనో హోటల్ తీసుకోవాలి, రిసార్టులో ఒక రాత్రి పోయినట్టే.

తిరుగు ప్రయాణంలో ఇంకో మెలిక ఉంది. కోర్సు రోజుల్ని వెళ్లిన రోజు నుంచి కాకుండా తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. అడుగున ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగి ఉండిపోతుంది. పైకి వచ్చాక అది పోవడానికి గంటలు పడుతుంది. పోకముందే ఆకాశంలోకి ఎక్కితే గోళీసోడాలో గోళీ నొక్కినట్టే, ఒంట్లో బుడగలు లేస్తాయి. డైవర్ల భద్రత చూసే డాన్ సంస్థ చెప్పేది ఇది: ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. చాలా డైవ్ సెంటర్లు 24 గంటలు అడుగుతాయి. సీప్లేన్ కిందనే ఎగురుతుంది కదా అనే వాదన అక్కడ నడవదు, దాన్నీ విమానంగానే లెక్కేస్తారు. 1 గంట ఫ్లైటుకి మిమ్మల్ని పొద్దున్న ఏడు, ఎనిమిదికే సీప్లేన్ ఎక్కిస్తారు. అంటే 24 గంటల నియమం ఉన్నచోట ఐదో రోజు డైవ్ లేనట్టే.

అందుకే నా సలహా: ఉత్తర మాలే అటోల్‌లోనో దక్షిణ మాలే అటోల్‌లోనో స్పీడ్‌బోట్‌లో వెళ్లే రిసార్టు చూడండి. బోటు రాత్రి కూడా నడుస్తుంది, బోటుకి ఈ గంటల లెక్క లేదు. ఐదో రోజు పొద్దున్న పదింటికి చివరి డైవ్ ముగించినా మర్నాటి 1 గంట ఫ్లైటుకి 27 గంటలు దొరుకుతాయి.

కోర్సులో థియరీ, కొలనులోనో ఒడ్డు పక్కన అలలు తగలని లోతు తక్కువ లగూన్‌లోనో 5 సెషన్లు, సముద్రంలో 4 డైవ్‌లు ఉంటాయి. థియరీ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో పూర్తిచేసుకోండి, పది పన్నెండు గంటల పని. లేకపోతే సముద్రం పక్కన ఏసీ గదిలో కూర్చుని వీడియోలు చూడాల్సి వస్తుంది. ఆ తర్వాత రెండో రోజు మొదటి మూడు సెషన్లు, మూడో రోజు మిగతా రెండు, మధ్యాహ్నం ఒక డైవ్, నాలుగో రోజు రెండు, ఐదో రోజు పొద్దున్న నాలుగోది. సరిపోతుంది, కానీ జలుబు చేసి ఒక రోజు పోతే సర్దుకోవడానికి ఖాళీ లేదు. ఈత పరీక్ష 200 మీటర్లు ఆగకుండా, టైమ్ లిమిట్ లేదు. తర్వాత 10 నిమిషాలు ఏదీ పట్టుకోకుండా తేలాలి.

తిలా_గిరి

"ఆల్-ఇన్‌క్లూజివ్" అన్నమాటకి ఒక్కో రిసార్టులో ఒక్కో అర్థం. భోజనం, డ్రింకులు, స్నార్కెలింగ్ (నీటిపైన తేలుతూ గొట్టంతో గాలి పీలుస్తూ కిందకి చూడడం) సామాను సాధారణంగా ఉంటాయి. డైవింగ్ కోర్సు దాదాపు ఎక్కడా ఉండదు. "రోజుకో డైవ్ ఉచితం" అని ఉంటే కింద చిన్నక్షరాలు చదవండి: సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు మాత్రమే, ట్యాంకు, మునగడానికి కట్టుకునే బరువులు మాత్రమే అని ఉంటుంది. రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించేది), బీసీడీ (గాలి నింపి తేలడానికి వాడే జాకెట్టు) అద్దె, పడవ ఛార్జీ వేరువేరుగా బిల్లుకి ఎక్కుతాయి. కాబట్టి రిసార్టుకి కాకుండా అక్కడి డైవ్ సెంటర్‌కే నేరుగా మెయిల్ పెట్టి ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఓపెన్ వాటర్ కోర్సుకు సామాను, పడవ, ఆన్‌లైన్ థియరీ, సర్టిఫికెట్ ఫీజు, సర్వీస్ ఛార్జీ, పన్ను అన్నీ కలిపి మొత్తం ఎంత?" అంకె ఒక్కటే రావాలి. ధర పక్కన "ప్లస్ ప్లస్" అని ఉంటే 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద 17 శాతం పన్ను. 100 డాలర్లది 128.70 అవుతుంది. గ్రీన్ ట్యాక్స్ రిసార్టుల్లో మనిషికి రోజుకు 12 డాలర్లు, ముగ్గురికి 5 రోజులంటే 180. ఇది ప్యాకేజీలో ఉందో లేదో అదీ అడగండి.

బా అటోల్ ఎంచుకున్నది హనీఫారు బేలో మాంటా రే చేపల కోసమైతే రెండు సంగతులు. వాటి సీజన్ నైరుతి ఋతుపవనాల కాలం, సుమారు మే నుంచి నవంబర్ దాకా. డిసెంబర్ చివరికి అయిపోతుంది. పైగా అక్కడ స్కూబా నిషేధం, స్నార్కెలింగే.

డైవ్ స్థలాల పేర్లు చూసి భయం ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. "కందు" అని ఉంటే అటోల్ అంచుల మధ్య కాలువ, ప్రవాహం లాగేస్తుంది, కొత్తవాళ్లకు వద్దు. "గిరి" అంటే నీటి పైభాగానికి దగ్గరగా వచ్చే చిన్న రీఫ్ (పగడపు దిబ్బ), "తిలా" అంటే ఇంకాస్త లోతున ఆగిపోయేది. గిరులు, హౌస్ రీఫ్ (రిసార్టు ఒడ్డునే ఉండేది) మీకు చాలు. మాల్దీవుల చట్టం ప్రకారం సరదా డైవింగ్‌కి ఎవరికైనా 30 మీటర్లే హద్దు, కోర్సు అయ్యాక మీ సర్టిఫికెట్‌కి 18.

సామానులో దేవుడి విగ్రహాలు, మందు సీసాలు (డ్యూటీ-ఫ్రీవి కూడా) పెట్టుకోవద్దు, కస్టమ్స్‌లో ఆపుతారు. సీసాలైతే తిరిగి వెళ్లేటప్పుడు ఇస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా ఫారం (ప్రయాణికుల డిక్లరేషన్) ఆన్‌లైన్‌లో నింపాలి, వచ్చేటప్పుడూ, వెళ్లేటప్పుడూ.

చెవిపోటు

ఇక మీ ఆవిడ సంగతి, బాబు సంగతి. ఈత రాకపోయినా "డిస్కవర్ స్కూబా" (సర్టిఫికెట్ లేకుండా ఒకసారి రుచి చూసే డైవ్) చేయొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటారు, గరిష్ఠ లోతు 12 మీటర్లు. ఎంతమందికి ఒక ఇన్‌స్ట్రక్టర్ అని అడగండి. ఈత రానివాళ్లకు ఒక్కరికే ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని ఇవ్వమని గట్టిగా చెప్పండి, కాస్త ఎక్కువ తీసుకున్నా ఇవ్వండి. ముందు రెండు రోజులు నడుములోతు నీళ్లలో మాస్కు పెట్టుకుని, ముఖం ముంచి, నోటితో గాలి పీల్చడం అలవాటు చేసుకోవాలి. నీళ్లలో భయం పుట్టేది లోతువల్ల కాదు, ముక్కు దగ్గరకి నీళ్లొచ్చినప్పుడు. అది లగూన్‌లోనే పోగొట్టుకోవచ్చు. బాబుకి 10 దాటాయి కాబట్టి డిస్కవర్ సరే, జూనియర్ ఓపెన్ వాటర్ కూడా సరే, 12 మీటర్ల లోపు.

హెల్త్ ఫారం ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి చదవండి. మొదటి పేజీలో 10 ప్రశ్నలు. ఆస్తమా, షుగరు, గుండె, ఫిట్స్, చెవి ఆపరేషన్ లాంటివాటికి "అవును" అని రాయాల్సి వస్తే డాక్టరు సంతకం లేనిదే నీళ్లలోకి దింపరు. ఆ సంతకం ఇక్కడే చేయించుకుని వెళ్లండి. అక్కడికెళ్లి అబద్ధం "లేదు" రాయడం మహా తప్పు: మీకేమైనా అయితే ఇన్సూరెన్స్ కూడా రాదు. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు స్కూబాకి వర్తించవు, అదీ చూసుకోండి.

ఇక చెవులు. ఎక్కువమంది కొత్తవాళ్లను ఆపేది ఇవే. నీటి పైన 1 బార్ ఒత్తిడి ఉంటే 10 మీటర్ల లోతున 2 బార్, చెవిలోపలి గాలి సగానికి కుంచించుకుపోతుంది. అందరూ జాగ్రత్తపడేది లోతుకెళ్లాక. అసలు మార్పు జరిగేది మొదటి మీటర్లలోనే. ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం నీటిపైనే ఒకసారి చేసి, తర్వాత ప్రతి అర మీటరుకీ చేస్తూ కాళ్లు కిందకి పెట్టి దిగాలి. నొప్పి వచ్చాక ఊదితే ముక్కు వెనక నుంచి చెవిలోకి గాలి తీసుకెళ్లే గొట్టం తెరుచుకోదు, అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. బలంగా మాత్రం ఊదొద్దు, కర్ణభేరి చిరుగుతుంది. రొంప ఉంటే డైవ్ మానేయండి. మాత్ర వేసుకుని దిగితే, దాని పనితనం అడుగున ఉండగా అయిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాదు, అది ఇంకా పెద్ద తలనొప్పి.

కొల్లేటి_కొంగ

అందరికీ ధన్యవాదాలు. టికెట్లు మార్చేస్తున్నాను, స్పీడ్‌బోట్ రిసార్టే. మాస్కు, మీసం మిగిలాయి. ఇంకోటి, ట్యాంకు ఎంతసేపు వస్తుంది?

గాజుకళ్లు

కొనేదొక్కటే అయితే అది మాస్కు. మిగతావన్నీ అక్కడే అద్దెకి. స్ట్రాప్ తగిలించకుండా మాస్కుని ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి పీల్చి చేయి వదిలేయండి. పడకుండా అతుక్కుంటే సరిపోయినట్టు. మీసానికి రాజీ ఇది: ముక్కు కింద రెండు మూడు మిల్లీమీటర్ల పట్టీ మాత్రం గీయించండి, సిలికాన్ అంచు చర్మానికి తగిలితే చాలు. మీసం మొత్తానికి ముప్పు లేదు. తలకి నూనె రాసుకుంటే స్ట్రాప్ జారుతుంది, అంచు కింద వెంట్రుక ఇరుక్కుంటే నీళ్లు కారుతాయి.

చూపుకి రెండు అద్దాల మాస్కు కొని, పవర్ ఉన్న రెడీమేడ్ అద్దాలు పెట్టించుకోండి. మెత్తని కాంటాక్ట్ లెన్సులైనా పర్వాలేదు. కొత్త మాస్కు లోపల తయారీలో మిగిలిన పల్చని పొర ఉంటుంది, దానివల్లే ఎంత కడిగినా మంచు పడుతుంది. తెల్లటి టూత్‌పేస్టు, జెల్ కాదు, లోపలి గాజు మీద వేలితో రుద్ది కడగాలి, మూడు నాలుగు సార్లు. ముందే యాంటీ-ఫాగ్ పూత ఉన్నవాటికి మాత్రం ఇది చేయొద్దు.

ట్యాంకులో ఉండేది మామూలు గాలే, ఆక్సిజన్ కాదు. 12 లీటర్ల ట్యాంకు 200 బార్‌తో మొదలై 50 మిగిలేలా పైకి రావాలి: 12 × 150 = 1800 లీటర్లు. కొత్తవాళ్లు నిమిషానికి సుమారు 20 లీటర్లు పీలుస్తారు, 10 మీటర్ల లోతున రెట్టింపు, 40. అంటే 45 నిమిషాలు. గాబరా పడితే ముప్పై కూడా రావు.

నీళ్లలోకి దూకే ముందు గేజ్ (ట్యాంకులో ఒత్తిడి చూపే మీటరు) చూస్తూ రెగ్యులేటర్‌తో నాలుగు శ్వాసలు తీయండి. ముల్లు కదలకూడదు. శ్వాస తీసినప్పుడల్లా పడి లేస్తుంటే ట్యాంకు వాల్వు పూర్తిగా తెరుచుకోలేదు. పైన గాలి బాగానే వస్తుంది, అడుగున ఇబ్బంది పెడుతుంది.

లోతుమీటరు

బరువులు కూడా చెప్పాలి. సన్నని 3 మిల్లీమీటర్ల సూటుకి 4 కిలోల దగ్గర మొదలుపెట్టి సరిచూడండి. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక, బీసీడీలో గాలి లేకుండా, సగం ఊపిరి పట్టి నిలబడితే కళ్ల దగ్గర నీటిమట్టం ఉండాలి. డైవ్ మొదట్లోనే చూస్తే ట్యాంకులో గాలి బరువు తగ్గబోతుందని గుర్తుంచుకుని ఇంకో రెండు కిలోలు కలపండి. ఎక్కువైతే అడుగున దేకుతూ పగడాల్ని తన్నేస్తారు.

సైగలు ముందే నేర్చుకోండి. మనవాళ్లు సంతోషంగా ఉంటే బొటనవేలు పైకెత్తుతారు. నీళ్లలో దానర్థం "పైకి వెళ్దాం". ఇన్‌స్ట్రక్టర్ నిజంగానే పైకి తీసుకెళ్లిపోతారు. బాగుందంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. మన తల ఊపుడు అక్కడ అవునో కాదో ఎవరికీ అర్థం కాదు, చేత్తోనే చెప్పండి.

పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, ఎప్పుడూ. నిమిషానికి 9 మీటర్లు మించకుండా వచ్చి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

తిలా_గిరి

ఒకటి మర్చిపోయాం. పెద్ద పళ్లున్న టైటన్ ట్రిగ్గర్‌ఫిష్ గుడ్లు పెట్టుకున్న చోటికి దగ్గరగా వెళితే తరుముతుంది, ఫిన్ (ఈదడానికి కాలికి తొడుక్కునే రెక్క) కొరుకుతుంది. దాని హద్దు గూటి దగ్గర సన్నగా మొదలై పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటులా ఉంటుంది. భయపడి పైకి పోతే ఇంకా దాని హద్దులోనే ఉంటారు. ఫిన్లు దానివైపు పెట్టి, అడ్డంగా పక్కకి ఈదుకుంటూ వెళ్లిపోండి.