సమ్మర్ సెలవులు, స్టేట్ పార్కులు: బోథెల్‌కి కొత్తగా వచ్చాం, సలహా కావాలి

ప్రశ్న (అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, సియాటిల్ దగ్గరి బోథెల్ నుంచి)

అందరికీ నమస్కారమండీ. మేము మార్చిలో ఖమ్మం నుంచి వచ్చాం. జూన్ నెలాఖరుకి పిల్లలకి సెలవులిచ్చేస్తారట, మళ్లీ బడి సెప్టెంబర్‌లోనేనట. పెద్దమ్మాయికి పదిహేనేళ్లు, చిన్నవాడు మూడో తరగతి పూర్తి చేస్తున్నాడు. సమ్మర్ క్యాంపుల ఫీజులు వారానికి వందల డాలర్లు ఉన్నాయి, ఇద్దరికీ కట్టాలంటే మా వల్ల అయ్యే పని కాదు. స్టేట్ పార్కులకి తిప్పండి, పిల్లలకి అక్కడ ఏవో ప్రోగ్రాములు ఉంటాయి అని ఆఫీసులో ఒకాయన చెప్పారు. ఏ పాస్ కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? జూన్‌లో అమ్మానాన్న కూడా వస్తున్నారు. మా ఆవిడకి ఎలుగుబంట్లంటే భయం. నాకు ఈత బాగా వచ్చు కాబట్టి నదులు, సరస్సులు ఉన్న చోట్లకే ఎక్కువ వెళ్దామనుకుంటున్నాను.

జవాబు (ఇసాక్వా నుంచి, వచ్చి పద్నాలుగేళ్లయింది)

మీ ఆఖరి వాక్యం చూసి వెంటనే రాస్తున్నానండీ. పాసుల సంగతి తర్వాత చెప్తాను, ముందు నీళ్ల సంగతి.

నాకూ ఈత వచ్చు. విజయవాడలో ఏలూరు కాలవలో నేర్చుకున్నాను, వంతెన మీంచి దూకేవాళ్లం. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది జూన్ మొదటి వారంలో స్నోక్వాల్మీ నది మిడిల్ ఫోర్క్ ఒడ్డుకి వెళ్లాం. ఎండ 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంది, మన లెక్కలో 29. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. నాలుగడుగులు వేసి ఒక్కసారిగా మునిగాను. అంతే, ఊపిరి దానంతట అదే లోపలికి లాగేసింది. ఆపుకుందామన్నా ఆగలేదు. అప్పుడు తల నీళ్ల పైన ఉంది కాబట్టి సరిపోయింది. ఒడ్డు పది గజాల దూరంలోనే ఉంది, కానీ చేతులు మొద్దుబారి వేళ్లు ముడుచుకోలేదు. పడిపోయి ఉన్న ఒక చెట్టు మొద్దుని మోచేతులతో కావలించుకుని ఒడ్డుకి వచ్చాను. మా ఆవిడ టవల్ కప్పి కారులో హీటర్ వేసినా అరగంట దాకా పళ్లు కొట్టుకుంటూనే ఉన్నాయి. కారులోంచి చూస్తున్న మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు.

ఆ నీళ్లు కొండల మీద కరిగిన మంచు. గాలి ఎంత వేడిగా ఉన్నా, మే, జూన్ నెలల్లో ఇక్కడి నదులు ఫ్రిజ్‌లో నీళ్లలా ఉంటాయి. చల్లటి నీళ్ల గురించి ఇక్కడ 1-10-1 అని ఒక లెక్క చెప్తారు. పడ్డాక మొదటి 1 నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు, ఆ నిమిషం తల పైన ఉంచుకోవడం ఒక్కటే పని. తర్వాత సుమారు 10 నిమిషాలు మాత్రమే చేతులు, కాళ్లు మాట వింటాయి. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి 1 గంట పడుతుంది. అంటే మనుషులు చలికి పోయేలోపే, చేతులు ఆడక మునిగిపోతారు. ఈత వచ్చినవాళ్లు కూడా. మన కృష్ణా కాలవలో, గోదావరిలో నేర్చుకున్న ఈత గోరువెచ్చటి నీళ్లలో ఈత. ఇది వేరు.

అందుకని లైఫ్ జాకెట్ కొనండి, మీకు కూడా. 19 అడుగుల కన్నా చిన్న పడవలో ఉంటే 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలని ఈ రాష్ట్రంలో చట్టం ఉంది. చాలా బీచ్‌లలో ఒక బోర్డుకి జాకెట్లు తగిలించి ఉంటాయి, వాడుకుని తిరిగి తగిలించొచ్చు, డబ్బులు అక్కర్లేదు. చాలా స్టేట్ పార్కుల బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండరని గుర్తుపెట్టుకోండి. పిల్లల్ని నీళ్లలో ఆడించాలంటే జులై, ఆగస్టుల్లో మా ఊళ్లోని లేక్ సమామిష్ స్టేట్ పార్కుకి రండి. అప్పటికి పైనీళ్లు వెచ్చబడతాయి, ఒడ్డున లోతు తక్కువ. అక్కడ కూడా పెద్దవాళ్లు ఒకరు ఫోన్ పక్కన పెట్టి నీళ్ల వైపే చూస్తూ కూర్చోవాలి. పదిమంది పెద్దవాళ్లున్న పిక్నిక్‌లో ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు, నిజానికి ఎవరూ చూడరు. మా గ్రూపులో అరగంటకి ఒకరు చొప్పున వంతులు వేసుకుంటాం.

జలపాతాల దగ్గర కంచె దాటి రాళ్ల మీద ఫోటోలు దిగొద్దు. గడ్డకట్టిన సరస్సు మీద నడవొద్దు. 2022 డిసెంబర్ 26న అరిజోనాలో వుడ్స్ కాన్యన్ లేక్ మీద మంచుపలక విరిగి మన తెలుగువాళ్లు ముగ్గురు పోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ చెట్టు మొద్దే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

ఇక పాసులు. ఇక్కడ ఒక్క పాస్‌తో అన్నీ అయిపోవు, కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. స్టేట్ పార్కులు, రాష్ట్రం చేతిలో ఉన్న అడవులు, వన్యప్రాణి భూములకి డిస్కవర్ పాస్. 2025 అక్టోబర్ నుంచి ఏడాదికి 45 డాలర్లు, ఒక రోజుకైతే 10. ఒకే పాస్ మీద రెండు కార్ల నంబర్లు రాసుకోవచ్చు, ఒకసారికి ఒక కారులోనే వాడాలి. మౌంట్ సై, ట్విన్ ఫాల్స్, వాలెస్ ఫాల్స్, డిసెప్షన్ పాస్ అన్నీ దీని కిందకే వస్తాయి. ఫ్రాంక్లిన్ ఫాల్స్ లాంటివి నేషనల్ ఫారెస్ట్ (కేంద్ర ప్రభుత్వ అడవి), వాటికి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్. మౌంట్ రేనియర్ లాంటి నేషనల్ పార్కులకి మళ్లీ వేరే. ఎక్కడికి వెళ్తున్నా బయల్దేరే ముందు వాషింగ్టన్ ట్రైల్స్ అసోసియేషన్ సైట్‌లో ఆ దారి పేరు కొట్టి చూడండి. ఏ పాస్ కావాలో ఉంటుంది, నిన్నో మొన్నో వెళ్లొచ్చినవాళ్లు మంచు ఉందా, చెట్లు కూలాయా అని రాసి ఉంటారు.

కొనేముందు లైబ్రరీలో అడగండి. చాలా లైబ్రరీల్లో డిస్కవర్ పాస్ పెట్టిన బ్యాగ్‌ని పుస్తకంలాగే అరువిస్తారు. ఏడాదిలో కొన్ని రోజులు స్టేట్ పార్కులు అందరికీ ఉచితం కూడా. మీ చిన్నవాడు సెప్టెంబర్‌లో నాలుగో తరగతికి వస్తాడు కదా, నాలుగో తరగతి పిల్లలకి ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ అనే పాస్ ఉంది, దానితో కుటుంబమంతా నేషనల్ పార్కులకి ఫ్రీగా వెళ్లొచ్చు. సెప్టెంబర్ 1 నుంచి పనిచేస్తుంది. రేనియర్ ప్రయాణం అప్పటిదాకా ఆపుకోండి, సెప్టెంబర్‌లో జనం కూడా తగ్గుతారు.

పిల్లల ప్రోగ్రాముల విషయానికొస్తే, జూనియర్ రేంజర్ పుస్తకం తీసుకోండి. పెద్ద పార్కుల్లో వేసవి వారాంతాల్లో రేంజర్లు (పార్కు ఉద్యోగులు) పిల్లల్ని నడిపిస్తారు, సాయంత్రం క్యాంప్‌ఫైర్ దగ్గర కథలు చెప్తారు. పుస్తకంలో పనులు పూర్తిచేస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. మా చిన్నవాడు తన బ్యాడ్జిని నెల రోజులు బడి చొక్కాకి పెట్టుకుని తిరిగాడు. క్యాంపులంత పొడుగు ప్రోగ్రాములు కావివి, రోజంతా పిల్లల్ని వదిలేసి రావడం కుదరదు. మీలో ఒకరు వెంట ఉండాలి.

ఎలుగుబంటి గురించి మీ ఆవిడకి ధైర్యం చెప్పండి. ఇక్కడ మనం చూసేవి నల్ల ఎలుగులు, మనిషి చప్పుడు వింటే అవే పక్కకి పోతాయి. తిండి వాసన తగిలితేనే దగ్గరకొస్తాయి. పులిహోర, వడియాలు, చిప్స్ ఏవైనా కారులో పెట్టి తాళం వేయండి, టెంట్‌లో వద్దు. కూగర్ (కొండ సింహం అంటారు, పెద్ద పిల్లి జాతి) కనిపిస్తే మాత్రం పరుగెత్తకూడదు. పిల్లల్ని ఎత్తుకుని, దాని వైపే చూస్తూ, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ వెనక్కి నడవాలి. ఉడతలకీ పక్షులకీ మన చేత్తో ఏమీ పెట్టకండి. పుణ్యం అనుకుంటాం, కానీ మనిషి తిండికి అలవాటుపడిన జంతువు చివరికి చచ్చేది దానివల్లే.

నన్నడిగితే ఎలుగుకన్నా పార్కింగ్ దగ్గర దొంగలకి భయపడాలి. ట్రైల్ (కాలిదారి) దగ్గర ఆపిన కార్ల అద్దాలు పగలగొట్టడం మామూలే. మా స్నేహితుడు బ్యాగ్‌లో నాలుగు పాస్‌పోర్టులు, వీసా కాగితాలు పెట్టి సీటు కింద తోసి వెళ్లాడు. మూడు గంటల తర్వాత వచ్చేసరికి అద్దం ముక్కలు తప్ప ఏమీ లేవు. ఆ కాగితాలు మళ్లీ తెప్పించుకునేసరికి ఆ కుటుంబం పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. పాస్‌పోర్టులు ఇంట్లోనే ఉంచండి.

కొండల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఏ దారికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒకరికి మెసేజ్ పెట్టండి. దారి తప్పినా, కాలు విరిగినా ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయడానికి వెనకాడొద్దు. బిల్లు వేస్తారేమో అని మనవాళ్లు చీకటి పడేదాకా ఆగుతారు. మన కింగ్ కౌంటీలో కొండల్లో వెతికి తీసుకొచ్చేది షెరిఫ్ ఆఫీసు కింద పనిచేసే వాలంటీర్లు, దానికి డబ్బు తీసుకోరు. అంబులెన్స్ ఖర్చు వేరే సంగతి. అమ్మానాన్నలకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి, వాళ్లని మొదట చదునైన దారులకే తీసుకెళ్లండి.

జవాబు (సమామిష్ నుంచి)

అన్నయ్య చెప్పినవి అన్నీ నిజమే. నేను ఒకటి చెప్తాను, ఖమ్మం వాళ్లన్నారు కాబట్టి. సెప్టెంబర్, అక్టోబర్ వచ్చేసరికి మీ ఆవిడ బతుకమ్మ ఎక్కడ ఆడతారని అడుగుతారు.

కొన్నేళ్ల కిందట మేం ముప్పై కుటుంబాల వాళ్లం సరస్సు ఒడ్డున ఆడి, బతుకమ్మల్ని నీళ్లలో వదిలి వచ్చేశాం. ఇక్కడ తంగేడు, గునుగు దొరకవు కదా, స్టోర్ పూలు, రంగులద్దిన పూలు, దారం, అట్ట, తగరపు పళ్లెం అన్నీ ఉన్నాయి అందులో. మర్నాడు పొద్దున మా అమ్మాయి చెవి రింగు పోయిందని వెతకడానికి వెళ్లాను. మోకాలి లోతు నీళ్లలో బూట్లేసుకుని ఒక ముసలావిడ మా పూలు, దారాలు ఏరి బకెట్‌లో వేస్తోంది. ఆవిడ పార్క్ వాలంటీర్. బాతుల కాళ్లకి దారం చుట్టుకుంటుందని చెప్పింది, అంతకు మించి ఒక్క మాట అనలేదు. నేను కూడా దిగి ఏరాను. రెండు గంటలు పట్టింది.

అప్పటినుంచి పార్కు ఆఫీసులో ముందే పర్మిట్ తీసుకుంటున్నాం. పిల్లల ప్లాస్టిక్ ఈత టబ్‌ని నీళ్లతో నింపి అందులోనే నిమజ్జనం చేస్తాం, తర్వాత పూలు వేరుచేసి ఇంటి దగ్గర యార్డ్ వేస్ట్ డబ్బాలో వేస్తాం. గౌరమ్మ పసుపు పంచుకోవడం మామూలే. మొదట పెద్దవాళ్లు ఒప్పుకోలేదు, ఇప్పుడు వాళ్లే టబ్ తెచ్చారా అని అడుగుతున్నారు. పిక్నిక్‌లకి కూడా స్టీల్ పళ్లేలే తెచ్చుకుంటాం, వనభోజనాలకి ఇంటినుంచి పట్టుకెళ్లినట్టు. ఇంకోటి, రేనియర్‌లో పూల మధ్య చీరలో ఫోటో అని గడ్డిలోకి దిగొద్దమ్మా. అంత ఎత్తులో మంచు లేని రోజులు కొన్ని వారాలే, తొక్కిన మొక్క లేవడానికి ఏళ్లు పడుతుంది. దారి మీద నిలబడినా వెనక పూలు బ్రహ్మాండంగా పడతాయి. జులై చివరినుంచి మంటల నిషేధం పెడుతుంటారు, గ్రిల్ పట్టుకెళ్లేముందు పార్కు సైట్ చూసుకోండి.

మళ్లీ బోథెల్ నుంచి

ఇద్దరికీ చాలా థాంక్సండీ. లైఫ్ జాకెట్లు నాలుగు ఆర్డర్ చేశాం. మా పెద్దమ్మాయి ఇవన్నీ చదివి, నేను కూడా పార్కులో పనిచేస్తాను అంటోంది. హెచ్4 (ఉద్యోగం మీద వచ్చినవాళ్ల కుటుంబానికిచ్చే) వీసా మీద ఉంది. చేయొచ్చా?

జవాబు (ఇసాక్వా నుంచి)

జీతం వచ్చేది అయితే చేయకూడదు. స్టైపెండ్ అని పేరు మార్చినా ముందు లాయర్‌ని అడగండి. టీనేజర్లకి వేసవిలో డబ్బిచ్చే ట్రైల్ క్రూలు (కాలిదారులు బాగుచేసే బృందాలు) ఉంటాయి, వాటికి వర్క్ ఆథరైజేషన్ (పనిచేసే అనుమతి) అడుగుతారు. ఈ విషయం తెలియక ఆశపడి బాధపడిన పిల్లల్ని చూశాను, అందుకే ముందే చెప్పండి అమ్మాయికి. పైసా తీసుకోకుండా, ఎప్పుడూ వాలంటీర్లే చేసే పని అయితే చేయొచ్చు.

వాషింగ్టన్ ట్రైల్స్ అసోసియేషన్ వాళ్ల వర్క్ పార్టీలకి (దారులు బాగుచేసే శ్రమదానం) పంపండి, మీరూ వెళ్లండి. పదేళ్లు నిండితే చాలు, పద్దెనిమిది లోపువాళ్లకి మీ సంతకం కావాలి. పొద్దున వెళ్తే ఆకుపచ్చ హెల్మెట్, చేతి తొడుగులు, పనిముట్లు వాళ్లే ఇస్తారు. నారింజ హెల్మెట్ వాళ్లు లీడర్లు. పనిముట్టు పట్టుకుని చేయి చాపితే ఎంత దూరం వస్తుందో, ఆ లోపలికి ఎవరూ రాకూడదు అన్నది వాళ్లు నేర్పే మొదటి పాఠం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకిచ్చింది దాదాపు మన చేపార లాంటిదే. వాన నీళ్లు దారి మీద నిలిచి కోసేయకుండా పక్కకి చిన్న కాలవ తీయాలి. లీడర్ ఏటవాలు ఎంత ఉండాలో చూపిస్తుంటే, మా నాన్న వరి మడికి గండి పెట్టడం కళ్ల ముందు కనిపించింది. తీశాక సీసాలో నీళ్లు పోసి చూశాం, నీళ్లు నేను చెప్పిన వైపే తిరిగి ఫెర్న్ మొక్కల్లోకి పోయాయి. ఆ కాలవ ఇప్పటికీ ఉంది, ప్రతి అక్టోబర్‌లో వెళ్లి ఆకులు తీసి వస్తాను.

రెండు రోజులు పనిచేస్తే ఏడాది నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ ఉచితంగా ఇస్తారు. రాష్ట్రం భూముల్లో 24 గంటలు పనిచేస్తే డిస్కవర్ పాస్ వస్తుంది. ఐదు రోజులు పూర్తయితే పేరు రాసిన సొంత హెల్మెట్ ఇస్తారు, మీ అమ్మాయికి అది చెప్పండి.

ఈ శనివారం నేనూ మా అమ్మాయీ నార్త్ బెండ్ వైపు వెళ్తున్నాం, సైన్ అప్‌లో ఇంకా ఖాళీలున్నాయి. చీలమండ కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, రెండు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి. పెరుగన్నం, మాగాయ నేను తెస్తాను. పొద్దున ఏడున్నరకి ఇసాక్వా పార్క్ అండ్ రైడ్ దగ్గరకి వచ్చేయండి, ఒకే కారులో వెళ్దాం.