40 పేజీల తెలుగు పట్టిక: లేటెక్ మేలా, టైప్‌స్ట్ మేలా?

పదకోశి:
మూడు నిలువు వరుసల పదకోశం: పదం, అర్థం, వాడుక. మొత్తం 40 పేజీలు. కొన్ని అర్థాలు అరపేజీ దాకా ఉన్నాయి. వర్డ్‌లో శీర్షిక వరుస మొదటి పేజీలో వచ్చి, తర్వాత కనిపించడం లేదు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లైన లేటెక్, టైప్‌స్ట్‌లలో దేనికి మారాలి?

అచ్చుపని:
లేటెక్‌కే. పట్టికలు వేసే మామూలు ట్యాబులార్ పేజీ దాటదు కాబట్టి, పేజీలు దాటే పట్టికలకున్న లాంగ్‌టేబుల్ వాడండి. శీర్షిక వరుస కింద ఎండ్‌హెడ్ అనే ఆదేశం పెడితే ప్రతి పేజీలోనూ వస్తుంది. యూనికోడ్ ఫాంట్లు వాడగల జీలేటెక్‌తో నడపండి, ఫాంట్లు ఎంచే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో స్క్రిప్టు తెలుగు అని ఇవ్వడం మరవకండి, లేకుంటే వత్తులు చెదురుతాయి. నిలువు గీతలు అసలు వద్దు, బుక్‌ట్యాబ్స్ ప్యాకేజీ ఇచ్చే అడ్డగీతలు చాలు.

వత్తుపొల్లు:
అచ్చుపని గారూ, అసలు చిక్కు అరపేజీ అర్థాల దగ్గరే ఉంది. లాంగ్‌టేబుల్ ఒక వరుసను మధ్యలో విరవదు, మొత్తంగా తర్వాతి పేజీకి తోసేస్తుంది. కింద సగం పేజీ ఖాళీ! టైప్‌స్ట్‌లో వరుస సహజంగానే విరుగుతుంది. 2024లో వచ్చిన 0.11 వెర్షన్ నుంచి టేబుల్ హెడర్ (శీర్షిక వరుస) కూడా తనంతట తానే ప్రతి పేజీలో వస్తుంది. పట్టికను ఫిగర్ అనే చట్రంలో పెడితే మాత్రం పేజీ దాటదు, ఆ బ్లాకును బ్రేకబుల్ (విరిగేలా) చేయాలి.

అచ్చుపని:
వరుస విరగడం గురించి మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ టైప్‌స్ట్‌లో వత్తుల సంగతి? అక్కడ అక్షరం అడుగు అంచును బేస్‌లైన్ (అక్షరాలు నిలిచే గీత) దగ్గరే లెక్కిస్తారు. సెల్ చుట్టూ ఉండే 5 పాయింట్ల ఖాళీలోకే వత్తులన్నీ దిగుతాయి. "స్త్ర్య" లాంటిది వస్తే గీతను తాకుతుంది.

వత్తుపొల్లు:
దానికి టెక్స్ట్ సెట్టింగులో బాటమ్‌ఎడ్జ్‌ను (అడుగు అంచు) డిసెండర్ (ఫాంటు కింది హద్దు), టాప్‌ఎడ్జ్‌ను (పై అంచు) అసెండర్ (ఫాంటు పై హద్దు) చేస్తే సరి, ఒక్క లైను. లేటెక్‌లోనూ ఈ బాధ ఉంది: 12 పాయింట్ల లైనుకు బేస్‌లైన్ కింద దొరికేది 3.6 పాయింట్లే. వరుస ఎత్తు పెంచే ఎక్స్‌ట్రారోహైట్ పైనే పెంచుతుంది, వత్తులకు పనికిరాదు. వరుసను పైకీ కిందికీ సాగదీసే అర్రేస్ట్రెచ్‌కు 1.4 ఇవ్వాలి.

పట్టికలు:
పదకోశి గారూ, మారేముందు వర్డ్‌లోనే ఒకసారి చూడండి. టేబుల్ ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ర్యాపింగ్ "అరౌండ్" అని ఉంటే శీర్షిక వరుస మళ్లీ రాదు, "నన్" చేయండి. పట్టిక మధ్యలో చేత్తో పెట్టిన పేజీ బ్రేకులున్నా అంతే. లైన్ స్పేసింగ్ "ఎగ్జాక్ట్‌లీ" మీద ఉంటే వత్తులు తెగుతాయి, "అట్ లీస్ట్" పెట్టండి. అది కుదిరితే 40 పేజీలు మళ్లీ కొట్టే పని తప్పుతుంది.