నెమ్మదిగా బతకడం మన చేతిలో ఉందా, లేక తీరిక ఉన్నవాళ్ళ మాటా?

నింపాది (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న ప్రశ్న ఇది. రోజులో మనకి ఊరికే దొరికే ఆనందాలు కొన్ని ఉంటాయి కదా, స్నానం చేస్తుంటే వీపు మీద పడే వేడినీళ్ళు, కిటికీలోంచి వచ్చి గోడ మీద మెల్లగా జరిగే ఎండ, ఉతికి ఆరేసిన దుప్పటి వాసన, వాన మొదలయ్యే ముందు గాలి ఒక్కసారి ఆగిపోవడం. వీటికి డబ్బులు అక్కర్లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, అయినా చూడకుండా వెళ్ళిపోతుంటాం. నేను పదకొండేళ్ళు అలాగే వెళ్ళిపోయాను, రెండేళ్ళ నుంచే ఆగడం నేర్చుకుంటున్నా. నేననేది ఏంటంటే దీనికి కావాల్సింది టైమ్ కాదు, ధ్యాస. స్నానం ఐదు నిమిషాలే, ఆ ఐదు నిమిషాలూ మనం నీళ్ళ కింద ఉన్నామా ఆఫీసులో ఉన్నామా అన్నదే తేడా. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అని ఇద్దరు హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని రోజులో ఎప్పుడంటే అప్పుడు ఫోన్‌లో అడిగారు, ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉన్నారు అని. 46.9 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదట, అలా లేనప్పుడు జనం సంతోషంగా ఉన్నది కూడా తక్కువే. అంటే దాదాపు సగం జీవితం మనం లేకుండానే గడిచిపోతోంది. మీరేమంటారు?

వెన్నెల_77
స్నానం సంగతి నిజం అండీ. రోజు మొత్తంలో నాకు నాది అనిపించే టైమ్ అదొక్కటే.

రెండో_షిఫ్టు
నేను ఒప్పుకోను. ఇది తీరిక ఉన్నవాళ్ళు తీరిక లేనివాళ్ళకి చెప్పే మాట. ధ్యాస చాలు టైమ్ అక్కర్లేదు అన్నారు, ధ్యాస ఎక్కడ్నించి వస్తుందండీ? పొద్దున లేచిన దగ్గర్నుంచి తల్లో ఒక లిస్టు తిరుగుతూ ఉంటే, ఏది అయిపోయింది ఏది మర్చిపోయాం ఎవరికి ఫోన్ చెయ్యాలి పిల్లాడి బూట్లు బిగుతయ్యాయన్నాడు మామగారి మందులు రేపటితో అయిపోతాయి అని, అప్పుడు గోడ మీద ఎండ కనిపించదు, ఎండ కనిపిస్తే బట్టలు ఆరేయాలని గుర్తొస్తుంది. ఇంకొకటి. ఉతికి ఆరేసిన దుప్పటి వాసన అని రాశారు. ఉతికిందెవరు, ఆరేసిందెవరు?

లెక్కలమాస్టారు
ఆ 2010 పరిశోధన గురించి ఒక మాట. అందులో ఉన్నవాళ్ళు ఐఫోన్ యాప్ ద్వారా తమంతట తాము చేరినవాళ్ళు. దాదాపు నాలుగింట మూడొంతుల మంది అమెరికాలో ఉండేవాళ్ళు. 2010లో ఐఫోన్ చేతిలో ఉండి, ఇలాంటి ప్రశ్నలకి రోజూ జవాబు చెప్పే ఓపిక ఉన్నవాళ్ళని తీసుకొచ్చి దాన్ని "మనం" అనడం సరికాదు. సగం జీవితం అని అంత తేలిగ్గా అనేయకండి.

నింపాది
మాస్టారూ, పరిశోధన లేకపోయినా నా మాట నిలబడుతుంది, ఎవరికి వాళ్ళు ఒక్కరోజు చూసుకుంటే తెలుస్తుంది. పైగా అందులోనే ఇంకో సంగతి ఉంది, ఏ పని తీసుకున్నా (ఒక్కటి తప్ప) కనీసం 30 శాతం సార్లు మనసు వేరే చోటే ఉందట. పని నచ్చినా నచ్చకపోయినా. అంటే పని మారితే మనసు నిలబడుతుందన్నది భ్రమే కదా. రెండో షిఫ్టు గారూ, మీ లిస్టు నాకు అర్థమైంది, నాకూ ఉండేది. ఆ లిస్టుని పక్కన పెట్టడమే నేను చెప్తున్న అభ్యాసం.

లెక్కలమాస్టారు
మనసు తిరగడం వల్ల సంతోషం తగ్గిందా, సంతోషం లేకే మనసు తిరిగిందా? ముందు ఇది తేలాలి. మొదటిదే అనడానికి సూచన ఉందని వాళ్ళు రాశారు, కానీ సూచన వేరు రుజువు వేరు. ఇలాంటి చర్చల్లో లాటరీ పరిశోధన కూడా ఎవరో ఒకరు తెస్తారు, 1978 నాటిది, గెలిచినవాళ్ళకి స్నేహితుడితో మాట్లాడటం, పత్రిక చదవడం లాంటి మామూలు విషయాల్లో వచ్చే ఆనందం మిగతావాళ్ళ కంటే తక్కువగా ఉందని. అందులో గెలిచినవాళ్ళు 22 మంది మాత్రమే. 22 మందిని చూసి మనిషి స్వభావం చెప్పలేం.

సూటిగా
ఫోన్ పక్కన పడేస్తే సగం సమస్య పోతుంది. నేను చేశాను, పోయింది.

పాతచెట్టు
నేను ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్ళయింది కాబట్టి నాకు తీరిక ఉంది, అది ముందే చెప్తున్నా. నా బాధ వేరే. తొందరలో ఉన్నప్పుడు మనం పోగొట్టుకునేది ఆనందం ఒక్కటే కాదు, ఎదుటి మనిషి కూడా. 1973లో డార్లీ, బాట్సన్ అనేవాళ్ళు ప్రిన్స్‌టన్‌లో మతగురువులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ప్రసంగం చెప్పడానికి ఇంకో భవనానికి వెళ్ళమని పంపారు, దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతూ ఉంటాడు. తొందర లేనివాళ్ళలో 63 శాతం మంది సాయం చేశారు, కొంచెం తొందరలో ఉన్నవాళ్ళు 45 శాతం, బాగా తొందరలో ఉన్నవాళ్ళు 10 శాతం. వాళ్ళలో కొందరు చెప్పబోయే ప్రసంగం ఏమిటో తెలుసా, దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసిన మంచి సమరయుడి కథ, బైబిల్లోది. అది చదివినప్పుడు నాకు నా సర్వీసంతా గుర్తొచ్చింది, ఎంతమందిని దాటుకుంటూ వెళ్ళానో అని. అందుకే నింపాది గారి మాటే నాకు సరి అనిపిస్తుంది.

రెండో_షిఫ్టు
పాతచెట్టు గారూ, మీరంటే గౌరవం, కానీ మీరు చెప్పిన ప్రయోగం నా మాటకే సాక్ష్యం. ఆ పిల్లలు వాళ్ళంతట వాళ్ళు తొందరపడలేదు కదా. "ఇప్పటికే ఆలస్యమైంది, అక్కడ నీకోసం చూస్తున్నారు" అని ఒకరు చెప్పి పంపారు. అదే పిల్లాడిని "ఇంకా టైమ్ ఉంది, మెల్లగా వెళ్ళు" అని పంపితే మెల్లగానే వెళ్ళేవాడు, ఆగేవాడు. మరి తొందర పెట్టినవాడిని వదిలేసి తొందరపడినవాడికి బుద్ధి చెప్తారేం? పనిగంటలు రోజుకి 8 అని ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) మొదటి ఒప్పందం 1919లోనే వచ్చింది, అది కూడా ఫ్యాక్టరీల్లాంటి చోట్ల పనికి. జనానికి ఊపిరి పీల్చుకునే టైమ్ దాని కోసం కొట్లాడితే వచ్చింది, ఎండని చూడటం నేర్చుకుంటే రాలేదు. ఇంట్లో పనికి ఇప్పటికీ ఆ లెక్క లేదు.

నింపాది
గంటలు తగ్గించాలంటే నేను కాదన్నానా? కొట్లాడండి, నేనూ వస్తా. కానీ అప్పటిదాకా ఏం చేస్తారు? గంటలు తగ్గేదాకా బతకడం వాయిదా వేస్తారా? ఎలాగూ చేయక తప్పని పని ఉంటుంది, దాన్ని పళ్ళు నూరుతూ చేయొచ్చు, దాంట్లో ఉండి చేయొచ్చు. గిన్నెలు తోముతున్నారనుకోండి, చేతికి తగిలే నీళ్ళు, సబ్బు నురగ, గిన్నె చప్పుడు, వీటి మీద మనసు పెడితే ఆ పదిహేను నిమిషాలు కూడా విశ్రాంతే. ఇది నేను చెప్పేది కాదు, ఎంతోమంది అనుభవంలో ఉన్నదే.

రెండో_షిఫ్టు
ఆగండి. మీరు చివరిసారి గిన్నెలు తోమింది ఎప్పుడు? వారానికోసారి సరదాకి తోమడం కాదు, రోజూ, రెండు పూటలా, ఇంకెవరూ తోమరని తెలిసి తోమడం. దాంట్లో ఆనందం వెతుక్కోమని నాకు చెప్పినవాళ్ళంతా అది తోమనివాళ్ళే.

ఇంక దాచుకోవడం ఎందుకు, చెప్పేస్తా. మా ఆయన ఏడాదిన్నర నుంచి మీలాగే మారారు. మంచి మనిషి, అరవరు, ఎవరితో గొడవ పడరు. పొద్దున కిటికీ దగ్గర అరగంట కూర్చుంటారు. సాయంత్రం ఒక్కరే నడకకి వెళ్తారు, ఫోన్ ఇంట్లో పెట్టి. మీరు రాసినవన్నీ చేస్తారు. చుట్టాలందరూ ఎంత ప్రశాంతంగా ఉన్నావురా అంటారు. ఆ అరగంటలో పిల్లాడు లేవాలి, స్నానం చేయాలి, బ్యాగు సర్దాలి, బస్సు ఎక్కాలి. అది ఎవరు చేస్తున్నారో ఆ కిటికీకి కనిపించదు. ఆయన ఎంత మెల్లగా అయితే నేను అంత పరిగెత్తాల్సి వస్తోంది, ఇంట్లో ఉన్న పని తగ్గలేదు కదా, చేసేవాళ్ళే తగ్గారు. మొన్న నేను గిన్నెలు దభదభా పెడుతుంటే వచ్చి ఏమన్నారో తెలుసా, "కాస్త నెమ్మదిగా చెయ్యి, దేనికంత కంగారు" అని. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, చేతులు వణికాయి.

సూటిగా
మీ ఆయనకి చెప్పండి, ఇక్కడ రాస్తే ఏమొస్తుంది.

నింపాది
మీ ఆయన మీద కోపం నా మీద చూపిస్తే ఎలా అండీ? నేను ఎవరి చేతా పని చేయించుకోమని రాయలేదు. మీరు నా గురించి ఏమీ తెలియకుండా మాట్లాడుతున్నారు. నేనెందుకు మారానో చెప్తా వినండి. మా పాపకి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ క్రితం వాళ్ళ టీచర్ పిలిచి, పాప చాలా వేగంగా మాట్లాడుతోంది, మాటలు మింగేస్తోంది, సగం అర్థం కావట్లేదు అన్నారు. ఇంటికొచ్చి పాపని అడిగా, ఎందుకమ్మా అంత తొందర అని. "నువ్వు వెళ్ళిపోయేలోపు అయిపోవాలి కదా" అంది. నేను రోజూ బూట్లు వేసుకుంటూ "త్వరగా చెప్పు" అనేవాడిని. అది నాకు గుర్తు కూడా లేదు. పిల్ల మాత్రం మాటనే కుదించుకుంది. అప్పట్నించి రోజూ రాత్రి దాని పక్కన కూర్చుంటా, అది చెప్పేదంతా వింటా, ఏమీ తొందరపెట్టను. దీన్ని మీరు తీరిక ఉన్నవాళ్ళ విలాసం అంటే నేను భరించలేను.

మోడరేటర్
ఇద్దరూ వ్యక్తిగత మాటలు ఆపండి. టాపిక్ మీద ఉంటే చర్చ కొనసాగుతుంది, లేకపోతే తాళం వేస్తాం.

లెక్కలమాస్టారు
ఇంకో విషయం. 46.9 శాతం అన్నది సమయం లెక్క కాదు, వచ్చిన జవాబుల లెక్క. ఆ తేడా ఎవరూ పట్టించుకోవట్లేదు.

రెండో_షిఫ్టు
పాప సంగతి చదివాను. రెండుసార్లు చదివాను. దాన్ని విలాసం అనను, క్షమించండి. కానీ ఒకటి అడుగుతా, కోపంగా కాదు. ఆ పదకొండేళ్ళు మీరు పరిగెత్తినప్పుడు పాప మాటలు పూర్తిగా విన్నదెవరు? ఇప్పుడు మీరు రాత్రి పాప పక్కన కూర్చున్నప్పుడు ఆవిడ ఏం చేస్తూ ఉంటారు?

పాతచెట్టు
ఈ ప్రశ్న నన్నూ అడిగినట్టుంది. మా ఇంట్లో నేను రిటైర్ అయ్యాను, తను కాలేదు. ఇప్పటిదాకా అలా అనుకోలేదు.

నింపాది
వంటిల్లు సర్దుతూ ఉంటుంది.

దుప్పటి గురించి మొదట్లో అడిగారు, నేను జవాబు ఇవ్వలేదు. ఉతికింది తనే. నేను రాస్తున్నప్పుడు అది తట్టలేదు, వాసన మాత్రమే గుర్తుంది. అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోలేను. తన పని నేను పంచుకోవాలి, నిజం. కానీ పని సగమైనా తను ఆగుతుందా? మొన్న ఆదివారం నేనే అన్నీ చేస్తా కూర్చో అంటే అరగంట కూడా కూర్చోలేకపోయింది, లేచి అల్మరా సర్దింది. అలవాటు పోలేదు. అందుకే ధ్యాస కూడా నేర్చుకోవాల్సిందే అంటున్నా.

రెండో_షిఫ్టు
ఒక్క ఆదివారం కూర్చోమంటే ఎవరూ కూర్చోలేరండీ. సోమవారం ఏం మిగులుతుందో తెలుసు కాబట్టి. ఆవిడకి అలవాటు పోకపోవడం కాదు, మీ మాట మీద నమ్మకం ఇంకా కుదరకపోవడం. నా సంగతి చెప్తా. నేను బస్సు దిగి ఇంటికొచ్చాక మేం ఉండేది మూడో అంతస్తు, రెండో అంతస్తు దగ్గర మెట్ల మీద కూర్చుంటాను రోజూ. లైట్ వెయ్యను. ఐదు నిమిషాలు, ఒక్కోసారి ఎనిమిది. పైన తలుపు చప్పుడు వినిపిస్తే లేస్తా.

నింపాది
నేను మొదటి నుంచి చెప్తున్నది సరిగ్గా ఇదే కదండీ! ఎంత పని ఉన్నా మీరు ఆగుతున్నారు, ఆ ఐదు నిమిషాలు మీవి.

రెండో_షిఫ్టు
కాదు. మీరు కిటికీ దగ్గర కూర్చుంటే అందరికీ తెలుసు, పిల్లలు చప్పుడు చేయరు, నాన్న కూర్చున్నారు అంటారు. నేను మెట్ల మీద కూర్చున్నట్టు ఇంట్లో ఎవరికీ తెలీదు, తెలిస్తే కింద ఏం చేస్తున్నావ్ అంటారు. మీది ఆగడం, నాది దాక్కోవడం. చీకట్లో మెట్లు చల్లగా ఉంటాయి, అది బాగుంటుంది, అది నేను కాదనను. కానీ ఆ చల్లదనం చాలు కదా అని మీరంటే మాత్రం ఒప్పుకోను. నాకు ఇంట్లో కూర్చోవాలని ఉంది. అందరూ చూస్తుండగా.

వెన్నెల_77
నేను పైన ఒక్క లైన్ రాసి వెళ్ళిపోయా, స్నానం టైమ్ నాది అని. నిజం ఏంటంటే స్నానం అయిపోయాక కూడా కొళాయి తిప్పేసి అలాగే కూర్చుంటా, నీళ్ళ చప్పుడు బయటికి వినపడాలని. అది ఆనందమా దాక్కోవడమా అని ఈ రోజు దాకా ఆలోచించలేదు.

రెండో_షిఫ్టు
ఎంతసేపు?

వెన్నెల_77
ఎవరో ఒకరు తలుపు కొట్టేదాకా.