మానింగ్‌ని కోల్ట్స్ వదులుకోవడం తప్పా, ఒప్పా?

ఇండీ తెలుగోడు:
కార్మెల్‌లో మా గరాజ్ గోడకి మానింగ్ 18 నంబర్ జెర్సీ ఇంకా వేలాడుతోంది. 2012 మార్చి 7న మా ఇండియానాపోలిస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోల్ట్స్, పేటన్ మానింగ్‌ని పంపేసిన రోజు మా ఆఫీసులో ఎవరికీ పని మీద మనసు లేదు. నాలుగు ఎంవీపీలు (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డులు), ఒక సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) తెచ్చినవాణ్ణి అలా వదిలేస్తారా? క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు, మానింగ్ స్థానం అదే) అంటే ఏంటో తెలియని మా ఆవిడ కూడా ప్రెస్‌మీట్ చూసి కళ్లు తుడుచుకుంది.

లెక్కల మాస్టారు:
బాధ సరే అన్నా, లెక్క చూడు. మర్నాటికి 2.8 కోట్ల డాలర్ల బోనస్ కట్టాలి. మెడకి ఆపరేషన్లు, 2011లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆయన లేని జట్టు 16 మ్యాచ్‌ల్లో 2 గెలిచింది. డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట) మొదటి పిక్ మనదే, ఎదురుగా కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్! నేనైనా అదే చేసేవాణ్ణి.

డెన్వర్ మావ:
ఆయన మా డెన్వర్ జట్టుకే వచ్చాడుగా, మాకైతే పండగే. 2013లో 55 టచ్‌డౌన్ (గోల్ లాంటి స్కోరు) పాస్‌లు, 2016 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ 50. ఆ కప్పు గెలిపించింది డిఫెన్సే అనుకోండి, ఒప్పుకుంటా.

ఇండీ తెలుగోడు:
మాస్టారూ, లక్ సంగతి కూడా చెప్పండి మరి. గాయాలతో విసిగిపోయి 2019 ఆగస్టులో, 29 ఏళ్లకే ఆట మానేశాడు. సొంత స్టేడియంలోనే జనం గేలి చేశారు. ఆ రాత్రి టీవీ కట్టేశాను. జెర్సీ మాత్రం తియ్యను.