అప్‌డేట్: అమ్మకి మూత్రనాళం ఆపరేషన్ అయింది, స్టెంట్ కూడా తీసేశారు

అమ్మకి రాయి తీశాక మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే గొట్టం) సన్నబడి ఎడమ కిడ్నీ వాచిందని, స్టెంట్లు (నాళం మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నటి గొట్టాలు) మారుస్తూ పోవాలా, ఆపరేషనే చేయించాలా అని ఇదివరకు అడిగాను కదా. చివరికి లాప్రోస్కోపీ పద్ధతిలో ఆపరేషన్ చేయించాం. ఓపిగ్గా జవాబులు రాసిన అందరికీ ధన్యవాదాలు.

బెలూన్‌తో వెడల్పు చేయడం గురించి కూడా డాక్టరుగారిని అడిగాను. సన్నబడిన భాగం రెండు సెంటీమీటర్ల లోపైతే పనిచేయొచ్చు, పొడవైతే మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ అన్నారు. అమ్మకి అడ్డంకి కింద, మూత్రాశయం దగ్గర ఉంది. అందుకని పాడైన భాగాన్ని వదిలేసి, పైన బాగున్న నాళాన్ని కిందికి తెచ్చి మూత్రాశయానికి కొత్త చోట కుట్టారు. పొట్ట మీద చిన్న చిన్న గాట్లే. మర్నాడే లేచి నడిచింది.

నిజంగా ఇబ్బంది పెట్టింది ఆపరేషన్ తర్వాత నాళంలో ఉంచిన డీజే స్టెంట్ (రెండు చివర్లూ వంపు తిరిగి ఉండే స్టెంట్). మూత్రానికి వెళ్లినప్పుడల్లా నడుములో పోటు, ఒక్కోసారి ఎర్రగా రావడం. అది చూసి నాకు ఒకటే టెన్షన్. స్టెంట్ ఉన్నన్నాళ్లూ కొంచెం మామూలేనట. మూత్రంలో రక్తపు గడ్డలు పడినా, చలిజ్వరం వచ్చినా మాత్రం వెంటనే రమ్మన్నారు. నీళ్లు బాగా తాగిస్తే ఎరుపు తగ్గేది. స్టెంట్ తీయడానికి కోత అక్కర్లేదు, సన్నటి కెమెరా గొట్టంతో లాగేశారు. నిమిషాల పని.

స్టెంట్ వేయించుకున్నవాళ్లు తీయించే తేదీ తప్పకుండా రాసి పెట్టుకోండి. నెలల తరబడి వదిలేస్తే దాని మీదే రాళ్లు కడతాయి. నొప్పి పోయిందని స్కాన్లు మానకండి, నాళం మళ్లీ సన్నబడితే నొప్పి లేకుండానే కిడ్నీ దెబ్బతినొచ్చు. అమ్మకి డీటీపీఏ స్కాన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూసేది) వచ్చే నెలలో ఉంది.